శ్రావణం దాకా ఆగిన పురి

మొన్న మా మేనమామ పెద్దకర్మకు ఊరు వెళ్ళాను. కోనసీమలో అంబాజీపేటకు కూతవేటు దూరంలో ఉంటుంది మా ఊరు. వంటలకు గుండిగలు కావాలని ఎవరో అటక తలుపు తీశారు. గుప్పున వాసన కొట్టింది. ఎండిన కొబ్బరి డొక్క, పాత నూనె, ఎలుకలు తిరిగిన దుమ్ము అన్నీ కలిసిన కురిడీ వాసన. ఆ అటక మీద కాయలు పోయడం మానేసి ఎన్నేళ్ళయిందో మావయ్య ఉంటే చెప్పేవాడు. దూలాలు మాత్రం ఇంకా ఆ వాసనను వదిలిపెట్టలేదు.

పందిట్లో రెండో బంతి నడుస్తోంది. హైదరాబాదు నుంచీ బెంగళూరు నుంచీ వచ్చిన మనవలు నలుగురు ఒక మూల చేరి ఎవరి ప్యాకేజీ ఎంతో చెప్పుకుంటున్నారు. ఇరవై నాలుగు, ముప్పై రెండు, నలభై. లక్షలన్న మాట కూడా అనడం లేదు, అంకె చెబితే చాలు. పక్కన కుర్చీలో కూర్చున్న మా పెద్దమ్మకు ఎనభై దాటాయి కానీ చెవులు మాత్రం పాముచెవులు.

"అంత సొమ్మూ ఒక్కసారే చేతికొస్తుందా?" అని అడిగింది.

"నెలనెలా వస్తుంది అమ్మమ్మా."

"మరి అందులో ఎంత నిలవ పెడతారు?"

కుర్రాళ్ళు మొహాలు చూసుకున్నారు. ఫ్లాటు వాయిదా, కారు వాయిదా, పిల్లల బడి ఫీజు అంటూ ఒకడు వేళ్ళు మడిచాడు. నెలాఖరుకు పెద్దగా మిగలదన్నాడు. రెండు నెలలు జీతం రాకపోతే ఎలా అని పెద్దమ్మ అడిగితే, అలా జరగదులే అన్నాడు.

"అయితే కళ్ళంలోనే అమ్మేసుకుంటున్నారన్నమాట," అంది పెద్దమ్మ జాలిగా.

వాళ్ళకు అర్థం కాలేదు, మర్యాదకు నవ్వారు. నాకు అర్థమైంది. మా చిన్నప్పుడు ఉన్నవాళ్ళకూ లేనివాళ్ళకూ మధ్య గీత గీసింది ధాన్యం నూర్చే ఆ కళ్ళమే.

*

కళ్ళంలో అమ్మకుండా ఆపుకున్న ధాన్యం దాచేది పురిలో. పురి అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు చూపించడానికి మా చుట్టుపక్కల ఒక్కటీ మిగల్లేదు. కొత్తగడ్డితో తాళ్ళు పేనేవారు. ఒకడు కూర్చుని గడ్డి అందిస్తుంటే ఇంకొకడు మెలిపెడుతూ వెనక్కి నడిచేవాడు. పెరట్లో ఎత్తైన దిమ్మ మీద గడ్డి పరిచి, ఆ తాడును గుండ్రంగా ఒక చుట్టు చుట్టి లోపల ధాన్యం పోసేవారు. మళ్ళీ ఒక చుట్టు, మళ్ళీ ధాన్యం. మనిషి ఎత్తు దాటాక పైన గడ్డితో కప్పు వేసేవారు. బయటికి ఒక్క గింజ కనబడేది కాదు. పక్కన నిలబడితే లోపలి నుంచి వెచ్చదనం తగిలేది. చెవి ఆనిస్తే సన్నగా ఏదో చప్పుడు. అది గింజలు సర్దుకుంటున్న చప్పుడని తాతయ్య అనేవాడు, పురుగు కొరుకుతున్న చప్పుడని నాయనమ్మ అనేది.

సంక్రాంతికి ప్రతి రైతు పెరట్లోనూ పురి ఉండేది. అందులో గొప్పేమీ లేదు. ఎండాకాలంలో ధవళేశ్వరం దగ్గర కాలువలు కట్టేసి, జూన్‌లో మళ్ళీ నీళ్ళు వదిలేవారు. ఆకుమళ్ళు, దుక్కులు, ఊడ్పులు, ఎరువులు, పిల్లల పుస్తకాలు, ఖర్చులన్నీ ఒక్కసారిగా మీద పడేది అప్పుడే. ఊళ్ళో గింజలు తరిగిపోయేదీ అప్పుడే, కాబట్టి ధర లేచేదీ అప్పుడే. ఆషాఢం వెళ్ళాక శ్రావణంలో ఎవరి పెరట్లో విప్పని పురి ఉందో వాడే మోతుబరి. పదెకరాలున్నా కూతుళ్ళ పెళ్ళిళ్ళ అప్పుల్లో మునిగి మాఘంలోనే అమ్ముకున్న ఆసామి, నాలుగెకరాలతో పురి శ్రావణం దాకా నిలబెట్టినవాడి అరుగు మీద కాస్త కిందగా కూర్చునేవాడు. ఇది నా కళ్ళతో చూశాను.

పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు పిల్లవాణ్ణి చూసే ముందు పెరడు చూసేవారు. గడ్డిమేటు ఎంత పొడవుంది, పాడిగేదెలు ఎన్ని, పురులు ఎన్ని. అడిగితే బాగుండదు కాబట్టి కాళ్ళు కడుక్కునే నెపంతో నూతి దగ్గరికి వెళ్ళి వచ్చేవారు. మా పక్కవీధిలో ఒకాయన కొడుకు సంబంధం కోసం వైశాఖంలో కొత్త పురి కట్టించాడు. పైన రెండు చుట్లు ధాన్యం, కిందంతా ఊక. పెళ్ళయింది. కోడలు కాపురానికి వచ్చిన నెలలో పెద్ద వాన కురిసి పురి ఒక పక్కకు కుంగి ఊక బయటపడింది. ఆ పిల్ల పుట్టింటికి ఉత్తరం రాసిందో లేదో తెలియదు కానీ, ఆ ఇంటికి 'ఊకపురి వారు' అన్న పేరు మాత్రం రెండు తరాలు నిలిచింది.

*

మాకు సొంతం రెండెకరాలు, కౌలుకు మూడు. నూర్పుల రోజుల్లో మంచు ఇంకా విడవకముందే కళ్ళంలో పశువులను తిప్పేవారు. ఎగరబోస్తుంటే పొట్టు వచ్చి మెడ మీద అంటుకుని సాయంత్రం దాకా దురద. రాశి పోశాక దొంగల భయానికి దాని మీద బూడిదతో ముద్రలు వేసి, నాన్న పక్కనే మంచం వేసుకునేవాడు.

మర్నాడు తెల్లవారేసరికి గట్టు మీద బండి సిద్ధం. కమీషను వర్తకుడి గుమస్తా కాటా పట్టుకుని దిగేవాడు. బస్తాకు 75 కిలోలు. ముందు భూమిగలవాడి కౌలు బస్తాలు పక్కకు పెట్టేవారు. తర్వాత ఎరువుల కొట్టు బాకీ, ఆ తర్వాత సహకార సొసైటీ అప్పు, కమ్మరికీ వడ్రంగికీ చాకలికీ మంగలికీ ఏడాది మేరలు. బండిలోకి బస్తా ఎక్కినప్పుడల్లా నాన్న పెదవులు కదిలేవి. నేను పక్కన నిలబడి ఆయనతో పాటే లెక్కపెట్టేవాణ్ణి, పైకి వినపడకుండా. చివరికి తిండిగింజలు మిగిలేవి. అవి పురికి చాలవు. వసారాలో గాదెలో పోస్తే దాని నోరు కూడా నిండేది కాదు.

బస్తా యాభై అరవై రూపాయలు పలికే ఆ రోజుల్లో శ్రావణం దాకా ఆగితే ఏడెనిమిది రూపాయలు ఎక్కువ వచ్చేది. మేము అమ్మిన బస్తాలన్నిటికీ లెక్కవేస్తే ఇంటిల్లిపాదికీ బట్టలు. నాన్నకు ఆ లెక్క తెలియక కాదు. "పండించడానికి ఒళ్ళుంటే చాలురా, అమ్మకుండా ఆగడానికి ఇల్లుండాలి," అనేవాడు.

పెద్దయ్యాక నాకు ఆ సొసైటీలోనే గుమస్తా ఉద్యోగం వచ్చింది. సార్వా అప్పుకు, అంటే తొలకరి వరికి ఇచ్చిన అప్పుకు, గడువు మార్చి నెలాఖరు. రైతు చేతిలో గింజ ఉండి, దానికి ధర లేని కాలానికి గడువు ఎవరు పెట్టారో కానీ వాళ్ళు వ్యవసాయం చేసినవాళ్ళు కారు. గోదాములో ధాన్యం పెట్టుకుని దాని మీద అప్పు ఇచ్చే ఏర్పాటూ ఉండేది. కాగితం మీద చాలా మంచి ఏర్పాటు. దాన్ని వాడుకోవడానికి వచ్చేది మాత్రం ఎప్పుడూ అప్పటికే పురులున్నవాళ్ళే.

*

కూలీలకు కూలి డబ్బు రూపంలో కాదు, కుంచాల్లో. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. ఎక్కాలకంటే ముందు ఇదే నేర్చుకున్నాం. కొన్ని ఇళ్ళలో కుంచాలు రెండుంటాయని, తీసుకునేది ఒకటి, ఇచ్చేది ఒకటి అని కూలివాళ్ళుండే పేటలో చెప్పుకునేవారు. ఏ ఇంటి కుంచం ఎంత పడుతుందో ఊడ్పులకొచ్చే ఆడవాళ్ళకు కంఠతా వచ్చు. మేము ఎకరాలు పోల్చుకున్నట్టు వాళ్ళు మా కుంచాలు పోల్చుకునేవారు.

మా ఇంట్లో కుంచం ఒకటే, కొలిచే చేతులు రెండు. నాయనమ్మ కొలిస్తే గింజలు గోపురంలా నిలబడేవి, అంచు దాటి జారినవీ కూలివాళ్ళ ఒడిలోకే. అమ్మ కొలిస్తే అరచేత్తో అంచు మీద ఒక్కసారి రాసేది. కుంచం చదునైపోయేది. అందుకని పొద్దుగూకే వేళ కూలీలు నాయనమ్మ కోసం ఎదురుచూసేవారు. అమ్మను పిసినారి అనడానికి నాకు నోరు రాదు. ఆషాఢంలో పొయ్యి మీదికి ఏమి వస్తుందన్న లెక్క ఆమెది. నాయనమ్మ ఆ లెక్క కోడలికి అప్పగించి చాలా రోజులైంది.

పేటలో వాళ్ళకు మేము ఉన్నవాళ్ళం. మా భూమిగలాయనకు మేము కౌలుగాళ్ళం. ఆయనను అడిగితే అమలాపురంలో రైసుమిల్లున్నవాళ్ళను చూపించి, "మాదేముందిరా, ఏదో గడుస్తోంది," అనేవాడు. మా ఊళ్ళో తాను ఉన్నవాణ్ణని ఒప్పుకున్న మనిషి నాకు తగల్లేదు. ఉన్నవాడు ఎప్పుడూ పక్క ఊళ్ళోనే ఉండేవాడు.

ఆకలి నెలల్లో పేటవాళ్ళు ముందే గింజలు తెచ్చుకుని తర్వాత పనితో తీర్చేవారు. అలా తీర్చే పనికి కూలి తక్కువ కట్టేవారు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. ఆ ఏడాది ఊడ్పులప్పుడు మోతుబరుల అరుగుల మీద ఒకటే మాట: కూలీలు బలిసిపోయారు, కబురు పెడితే రావడం లేదు. వాళ్ళేమీ బలవలేదు. కుండలో నాలుగు రోజుల బియ్యం ఉంది కాబట్టి కూలి ఎంతో తేల్చాకే వస్తామన్నారు, అంతే. ఆగడం అన్న విద్య అంతకుముందు పేటకు అందనిది.

*

మా వీధి చివర అద్దెకు ఉండే హైస్కూలు మాస్టారిని చూస్తే అందరికీ జాలి. కారణం, ఆయన బియ్యం కొనుక్కు తినేవారు. సంచీ పట్టుకుని కొట్టుకు వెళ్ళడం అమ్మ చూసిందంటే, పాపం పిల్లలు గలవాడు అంటూ ఒక మానికెడు కొత్తబియ్యం నాచేత పంపించేది. ఆయన మొహమాటపడుతూ తీసుకునేవారు. ఒకటో తారీఖు జీతం అన్నది అప్పట్లో భూమి లేనివాడికి దేవుడిచ్చిన ఓదార్పు అనుకునేవాళ్ళం.

తర్వాత పే కమిషన్లు వచ్చాయి, కరువు భత్యాలు వచ్చాయి. మాస్టారు డాబా వేశారు. ఆయన అబ్బాయికి కూడా సర్కారు ఉద్యోగం వచ్చాక, ఒకప్పటి మా భూమిగలాయనే కూతురి జాతకం పట్టుకుని ఆ డాబా మెట్లెక్కాడు. ఈసారి పెరడు చూసిన వాళ్ళు లేరు. పింఛను ఉంటుందా అని మాత్రం రెండుసార్లు అడిగారట.

*

మావయ్యది కొబ్బరి. రెండు నెలలకోసారి దింపు. తెల్లవారగానే దింపు కార్మికుడు నడుముకు కత్తి దోపుకుని చెట్టెక్కితే, కాయలు నేలను తాకే చప్పుడు తోటంతా దబ్బుదబ్బుమని వినబడేది. ఆ పూట పిల్లలు తోటలోకి అడుగుపెట్టకూడదు. డబ్బు అవసరమున్నవాళ్ళు కాయలను పచ్చివిగానే అంబాజీపేట వర్తకులకు ఇచ్చేసేవారు. మావయ్య ముదురు కాయలు ఏరించి అటక ఎక్కించేవాడు.

అక్కడ తొమ్మిది పది నెలలు. లోపలి నీళ్ళు మెల్లగా ఇంకిపోయి, కొబ్బరి పెంకును వదిలి గుండ్రంగా విడిపడాలి. అప్పుడది కురిడీ. మధ్యాహ్నం భోజనం అయ్యాక మావయ్య అటకెక్కి ఒక్కొక్క కాయ చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాడు. చళ్ళుమంటే నీళ్ళున్నాయి, వెనక్కి. ఏమీ మోగకపోతే ఇంకా వదల్లేదు, అదీ వెనక్కి. గుడుగుడుమంటే ఇటు పక్కకు. నన్నూ ఎక్కించుకుని ఒక కాయ చెవికి ఆనించి, "ఏమంటోంది?" అనేవాడు. నేను తప్పు చెబితే ఊరుకునేవాడు కాదు, మళ్ళీ వినమనేవాడు. ఆ చీకట్లో, ఆ ఉక్కలో, ఆయన మొహంలో కనిపించిన నిదానం నేను తర్వాత ఏ బ్యాంకు మేనేజరు మొహంలోనూ చూడలేదు. ఉత్తరాది పండుగల ముందు ధర లేచినప్పుడే కాయ కిందికి దిగేది. తొందరపడి అమ్మమని అత్తయ్య పోరితే, "అటక మీదున్నది నన్ను అన్నం అడగదు కదా," అనేవాడు.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను వచ్చింది. కోనసీమలో ఆ రాత్రి సంగతి నేను కొత్తగా చెప్పేదేముంది. తెల్లారి మావయ్య తోటకు వెళ్తే దారి తెలియలేదు. చెట్లు కొన్ని మొదలంటా లేచిపోయాయి, కొన్ని నడుము దగ్గర మెలితిరిగి విరిగాయి. నిలబడినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. కొత్త మొక్క పెడితే కాపుకు రావడానికి ఆరేడేళ్ళు. ఇంటిమీద పెంకులు ఎగిరిపోయి అటక మీద కాయలన్నీ తడిశాయి. తడిసిన కాయ నిలవ ఉండదు. ఎవరెంతంటే అంతకు వారం రోజుల్లో మొత్తం తోలించేశాడు. ఆయన ఆగకుండా అమ్మడం అదే మొదటిసారి.

సాయం బియ్యం పంచేచోట వరసలో ఆయన ముందు ఆయన పాత పాలేరు నిలబడ్డాడు. "అయ్యగారూ, మీరు ముందుకు రండి," అన్నాడట. "నీ వెనకే ఉంటాలేరా, ఎక్కడికి పోతాను," అన్నాడట మావయ్య. ఈ మాట నాకు చెప్పింది ఆ పాలేరు. మావయ్య ఎప్పుడూ చెప్పలేదు.

*

సొసైటీ బల్ల ముందు కూర్చుంటే ఊరి ఆదాయం అంతా కనబడుతుందని అందరూ అనుకుంటారు. నాకు కనబడినది ఒక్కొక్క మనిషికి మూడేసి ఆదాయాలు. ట్రాక్టరు అప్పుకు వచ్చినప్పుడు ఒకటి. అప్పుడు ఎకరాకు నలభై బస్తాలు పండేవి, కొబ్బరి విరగకాసేది, గేదెలు కుండలు నింపేవి. రేషను కార్డుకు, పిల్లల స్కాలర్‌షిప్పుకు ఆదాయ ధ్రువీకరణ పత్రం కావలసి వచ్చినప్పుడు ఇంకొకటి. అప్పుడు అదే పొలం చవుడు, అదే తోట తెగులు. మూడోది పెళ్ళిసంబంధాల దగ్గర చెప్పేది. అది నేను వినలేదు కానీ ఊహించగలను. ఒకే మనిషి, ఒకే వారంలో, మొదటి రెండు కాగితాలూ నాచేతనే నింపించుకున్న రోజులున్నాయి. "కాస్త చూసి వేయండి గుమస్తాగారూ," అనేవారు. చూసి అంటే ఎటువైపు చూడాలో చెప్పనక్కరలేదు. పైగా వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి నిజం లెక్క ఎవరికీ ఎప్పుడూ అవసరపడలేదు. చాలామందికి తమకే తెలియదు.

ప్రభుత్వాలనూ తప్పు పట్టలేను, వాటికీ ఒక్క కొలత లేదు. మన ఆంధ్రప్రదేశ్‌లో 2019లో బియ్యం కార్డుకు కొత్త నిబంధనలు పెట్టారు. పల్లెలో కుటుంబానికి నెలకు 10,000 రూపాయలు దాటకూడదు, మాగాణి 3 ఎకరాలకు మించకూడదు. అదే ఏడాది కేంద్రం ఆర్థికంగా వెనకబడిన అగ్రకులాలకు 10 శాతం రిజర్వేషను తెచ్చి, ఏడాదికి 8 లక్షల లోపు ఆదాయం, 5 ఎకరాల లోపు భూమి ఉంటే చాలంది. నెలకు అరవై ఆరు వేల పైచిలుకు వచ్చినా ఒక కాగితం మీద లేనివాడే, పదకొండు వేలు వస్తే ఇంకో కాగితం మీద ఉన్నవాడు.

నిజం లెక్క ఒక్కసారే బయటపడింది. 2011లో కోనసీమ రైతులు సార్వాకు పంట విరామం ప్రకటించారు. అప్పుడు మామూలు రకానికి మద్దతు ధర క్వింటాలుకు 1,080 రూపాయలు, అంటే మన బస్తాకు 810. మా సొసైటీ వరండాలో ఒక పెద్దరైతు సుద్దముక్క తీసుకుని ఎకరా ఖర్చు గోడ మీద రాశాడు. దుక్కి, ఊడ్పు, ఎరువు, కోత, నూర్పు. పక్కన రాబడి. తీసివేస్తే వచ్చింది చూసి వరండాలో ఉన్నవాళ్ళెవరూ మాట్లాడలేదు. జీవితమంతా దాచిన ఆదాయాలు అలా గోడకెక్కాయి. ఆ గోడకు సున్నం వేయించడానికి మా సెక్రటరీ చాలా రోజులు ఒప్పుకోలేదు.

*

చిన్నప్పుడు వాళ్ళమ్మ కొంగు పట్టుకుని మా పొలం ఊడ్పులకొచ్చిన పిల్ల ఒకతె, ఇద్దరు పిల్లల తల్లి అయ్యాక కువైట్ వెళ్ళడానికి సిద్ధమైంది. ఇళ్ళలో పని. మా వైపు నుంచి ఆడవాళ్ళు అలా వెళ్ళడం అప్పటికే మామూలైపోయింది. ఏజెంటు చెప్పిన జీతం నెలకు నలభై దినార్లు. సొసైటీకి వచ్చి, "అది మన లెక్కలో ఎంతండీ?" అని అడిగింది. దినారు అప్పుడు నూట యాభై రూపాయల దగ్గర ఉంది, ఆరు వేలన్నాను. ఆమె మొహంలో ఏ మార్పూ లేదు. "రూపాయలు కాదండీ, బస్తాల్లో చెప్పండి," అంది. ఆ ఏడాది ధర ప్రకారం లెక్కవేసి పదిహేను బస్తాలకు పైనే అన్నాను. నోట మాట లేకుండా కాసేపు నిలబడి, "ప్రతి నెలా?" అంది.

చాలా ఏళ్ళు చేసింది. నడుమ రెండేళ్ళకోసారి వచ్చి వెళ్ళేది. చిన్నపిల్ల తల్లిని గుర్తుపట్టక అమ్మమ్మ వెనక దాక్కుందని ఆమే ఒకసారి నవ్వుతూ చెప్పింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. స్లాబు ఇల్లు కట్టింది, టైల్సు వేయించింది. పొలం కొనమని సలహా ఇచ్చాను. "భూమెందుకండీ, ఇచ్చేవాడికీ మిగలదు, చేసేవాడికీ మిగలదు," అంది. నూటికి రెండు రూపాయల వడ్డీకి తిప్పడం మొదలుపెట్టింది. తిరిగి రాని డబ్బు కోసం రోడ్డు మీద గొడవ పడేది కాదు, నెలలు గడవనిచ్చేది.

మావయ్య చిన్నకూతురి పెళ్ళికి అప్పు పుట్టింది ఆమె దగ్గరే. మధ్యవర్తిని పంపకుండా తానే వెళ్ళాడు. తిరిగి వచ్చాక నాతో ఒక్క సంగతే చెప్పాడు. "నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. తను కూర్చోలేదు. కూర్చోమ్మా అన్నా కూర్చోలేదు. డబ్బు లెక్కపెట్టి ఇచ్చేదాకా నిలబడే ఉంది." అది మర్యాదో, పాత అలవాటో, ఇంకేమిటో ఆయనకు తేలలేదు. నాకూ తేలలేదు. వడ్డీ మాత్రం ఒక్క పైసా తగ్గించలేదు.

*

ఇప్పుడు మా పిన్ని కొడుకు రొయ్యల చెరువులు చేస్తున్నాడు. వరి పండిన చేలే అవి, తవ్వితే చెరువులయ్యాయి. భూమిగలవాడికి లీజు ముందే చేతిలో పడుతుంది. బస్తాల కౌలు దాని ముందు ఎందుకూ కొరగాదు. పక్క చేలోకి ఉప్పు ఊరినా పట్టించుకునేవాడు లేడు. రాత్రిళ్ళు కప్పల అరుపులకు బదులు నీళ్ళలోకి గాలి చిలికే ఏరియేటర్ల హోరు.

తొంభైల్లో టైగరు రొయ్య మొదలైనప్పుడు సైకిలు మీద తిరిగినవాళ్ళు కార్లు కొనడం, తెల్లమచ్చ వైరస్ తగలగానే ఆ కార్లు అమ్మడం రెండూ చూశాను. ఇప్పుడు వనామీ రకం రొయ్య. కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో అది కౌంటు. కౌంటు తగ్గేకొద్దీ, అంటే రొయ్య పెరిగేకొద్దీ ధర. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు మా ఊరి టీకొట్టు దగ్గర ట్రంపును తిట్టని మనిషి లేడు.

మొన్న వాడికి ఫోను చేసి, ఊళ్ళో అందరూ నిన్ను కోటీశ్వరుడు అంటున్నారు, నిజమేనా అన్నాను.

"ఈ పూటకు నిజమే అన్నయ్యా. నలభై కౌంటు పడింది. చెక్ ట్రేలో మేత కూడా బాగా తింటోంది."

"మరి ముప్పైకి వచ్చేదాకా ఆగు. ధర బాగుంటుందంటారు కదా."

"ఆగితే బాగానే ఉంటుంది. నిన్న పక్క చెరువులో రొయ్య చచ్చి తేలింది. రాత్రికి వలలవాళ్ళను రమ్మన్నాను, ఐసు లారీ కూడా చెప్పేశాను."

"ఎంతకు బేరం కుదిరింది?"

"పట్టడం మన పనే కానీ ధర మన చేతిలో లేదు కదా. రేపు పొద్దున్న సరుకు ఎక్కాక కంపెనీవాళ్ళు చెబుతారు," అని, జనరేటరు చప్పుడులో నా మాట వినబడటం లేదంటూ ఫోను పెట్టేశాడు.